అవతలి కొస

మూడోసారి కూడా ఎర్ర అక్షరాలే వచ్చాయి.

కోడలు కుర్చీ ముందుకు లాక్కుని ఆప్ స్టోర్ నుంచి వచ్చిన మెయిలు మొదట్నుంచీ చదివింది. భోజనాల బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు, వాటి చుట్టూ చుట్టాలనీ స్నేహితులనీ అడిగి తెచ్చిన పాత ఫోన్లు పరిచి ఉన్నాయి. ఒకదానికి అద్దం పగిలింది, ఇంకొకటి చార్జరు తీస్తే ప్రాణం వదిలేస్తుంది. ఆట ఏ ఫోన్లో ఎలా నడుస్తుందో చూడాలంటే అన్ని రకాలూ ఉండాలి మరి. ఆ బల్ల మీద భోజనం చేసి చాలాకాలమైంది. ఇంట్లోవాళ్ళు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు.

"గట్టిగా చదువు వదినా. తిట్లు పంచుకుంటే తేలిగ్గా ఉంటాయి," అన్నాడు ఎదురుగా కూర్చున్న మరిది. అతన్ని ఇంట్లో తొందర అంటారు. నెలలు నిండకుండానే పుట్టాడు, అప్పట్నుంచీ అదే పేరు, అదే గుణం. వేరే ఊళ్ళో ఉద్యోగం. సెలవు పెట్టి వచ్చి, ఈ ఆటకి సర్వరు పని మొత్తం తానే చేస్తున్నాడు.

ఆమె చదివింది. "మీ ఆట తెరిచాం. అవతలి కొస పట్టుకునేవారి కోసం చూస్తున్నాం, దయచేసి ఆగండి, అని తెర మీద వచ్చింది. ఆగాం. ఎవరూ రాలేదు. ఆట పని చేయడం లేదు కనుక స్టోర్‌లో ఉంచలేం."

"అంటే ఏమిటి, వాళ్ళొక్కళ్ళే వచ్చి, ఒక్కళ్ళే కూర్చుని, ఎవరూ లేరని వెళ్ళిపోయారా?"

"అంతే."

"స్టోర్‌లో పెట్టకుండా మనుషులెక్కణ్ణుంచి వస్తారు?"

"మనుషులు లేకుండా స్టోర్‌లో పెట్టరుగా."

పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. సామెత చెప్పినవాడు ఆప్ స్టోర్‌ని చూసే చెప్పి ఉంటాడని ఆమెకి నమ్మకం కలిగింది.

మొదటిసారి తిప్పి పంపినప్పుడు కారణం న్యాయమైనదే. అకౌంటు తీసేసుకునే బటన్ పెట్టడం మర్చిపోయారు. పెట్టారు. రెండోసారి, ఆటలో మాటలు రాసుకునే చోటుంది కదా, ఎవరైనా బూతులు రాస్తే ఫిర్యాదు ఎవరికి చేయాలి అని అడిగారు. ఆ ఏర్పాటంతా చేయడానికి ఇద్దరు మనుషులు చాలరు. కోడలు ఒక పూట ఆలోచించి మాటల పెట్టెనే పీకి పారేసింది. నోరు లేకపోతే గొడవే లేదు. పైగా ఆ ఆటకి మాటలతో పెద్ద పనీ లేదు.

ఆట పేరు దుప్పటి. ఎక్కడో ఉన్న ఇద్దరు మనుషులు, చెరో ఫోన్, మధ్యలో ఒక దుప్పటి. రెండు బొటనవేళ్ళతో రెండు మూలలు పట్టుకోవాలి. ఇద్దరూ కలిసి దులపాలి, అంచుకి అంచు చేర్చాలి, సగానికి మడవాలి, మళ్ళీ సగానికి, చివరికి ఒకరు నడిచి వెళ్ళినట్టుగా తన కొస రెండోవాళ్ళకి అందించాలి. అవతలివాళ్ళు లాగితే ఇవతలి ఫోన్ చేతిలో అదురుతుంది. గట్టిగా లాగితే మూల జారిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ముడత లేకుండా మడిస్తే బీరువాలో ఒక అర నిండుతుంది. అంతే ఆట. తడి బట్టకీ పొడి బట్టకీ ముడత ఎలా మారుతుందో గీయడానికే ఆమె బోలెడు రోజులు డాబా మీద బట్టల తీగల మధ్య కూర్చుంది. చూసినవాళ్ళు ఈవిడకేమైందో అనుకున్నారు.

"వదినా, ఒక మాట చెప్తాను, కోప్పడకు," అన్నాడు తొందర. "నాలుగు బాట్‌లు పడేద్దాం. ఇవాళే రాసేస్తాను."

బాట్ అంటే మనిషి పేరు తగిలించుకుని ఆడే ప్రోగ్రాము. ఖాళీ ఆటల్లో జనం ఉన్నట్టు కనబడటానికి వాటిని కూర్చోబెడతారు. ఆ వ్యాపారంలో అందరూ చేసే పనే.

లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. "దొంగచేతులు పెట్టారంటే ముందు నా ఫోన్లోంచి తీసేయండి దాన్ని."

అత్తగారి చెవులకి వయసు రాలేదు. ఆవిడ చాలాకాలం లేడీస్ హాస్టల్‌కి వార్డెన్‌గా చేశారు. మూసిన తలుపు అవతల గుసగుసలాడినా ఏ గదిలో ఎవరో చెప్పేవారట. వీధిలో ఇప్పటికీ అందరికీ ఆవిడ వార్డెన్‌గారే.

"అమ్మా, అవి లేకపోతే ఇది పైకి రాదే!"

"రాకపోతే మానె. నాకో ఆవిడ ఉండేది, గుర్తుందా? పేకాటలో. రోజూ మధ్యాహ్నం నాతో ఆడేది. మా అక్క పోయిన రోజు, ఇవాళ ఆడలేనమ్మా, అక్క పోయింది అని రాశాను. ఏమని జవాబొచ్చింది?"

ఆ ఇంట్లో ఆ జవాబు అందరికీ తెలుసు. "భలే ఆడారు! ఇంకో ఆటా?" పక్కన నవ్వుతున్న పువ్వు బొమ్మ. ఆవిడ ఫోన్ తీసి సొరుగులో పెట్టేసి, చాలా రోజులు బయటికి తియ్యలేదు. అక్క పోయినందుకు ఏడ్చారో, ఆ మరమనిషి చేతిలో మోసపోయినందుకు ఏడ్చారో ఎవరికీ తెలియదు. అప్పుడే కోడలు ఈ దుప్పటి మొదలుపెట్టింది. స్టోర్‌కి పంపిన వివరణలో మొదటి వాక్యం ఆమె స్వయంగా రాసింది: అవతలి కొసన ఎప్పుడూ ఒక మనిషే ఉంటారు.

"సోమవారం నేను వెళ్ళిపోవాలి," అన్నాడు తొందర గొంతు తగ్గించి. "తర్వాత సర్వరు పడుకుంటే లేపేవాడుండడు. సోమవారం లోపల ఆకుపచ్చ అక్షరాలొస్తే సరే. రాకపోతే బాట్‌లు పెట్టి పంపేద్దాం. అమ్మకి నేను చెప్పుకుంటాను. సరేనా?"

న్యాయమైన మాటే. అతని సెలవంతా ఈ బల్ల దగ్గరే అయిపోయింది.

"సరే," అంది కోడలు. "కానీ బాట్‌లు అవసరం రావు, చూస్తూ ఉండు. వాళ్ళొచ్చినప్పుడు మనుషులు లేకపోవడమే కదా ఇబ్బంది? మనుషుల్ని నేను పెడతాను."

ఆ మాట అనేటప్పుడు ఆమెకి కొంచెం కూడా అనుమానం లేదు.

*

సాయంత్రం డాబా మీద అత్తగారు తీగ మీంచి దుప్పటి దించి ఒక అంచు కోడలి వైపు విసిరారు. ఆమె అందుకుంది. ఇద్దరూ వెనక్కి నడిచి దుప్పటి చాచారు.

అత్తగారు దులిపితే బట్ట చప్పుడు పక్కింటికి వినబడుతుంది. దులిపి, దులిపిన ఊపులోనే ఒక్క గుంజు గుంజారు. కోడలి చేతిలోంచి ఒక మూల జారింది. ఆమె వంగి తీసుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ పట్టుకుంది. అత్తగారు ఎడమ చెయ్యి ఎత్తితే ఆమె కుడి చెయ్యి ఎత్తింది. అత్తగారు ఒకడుగు ముందుకేస్తే ఆమె ఒకడుగు వేసింది. ఇంకోసారి గుంజారు. ఆమె చెయ్యి వదులు చేసింది, బట్ట అటు వెళ్ళింది, ఆమె దాని వెంట వెళ్ళింది.

"నీ చేతుల్లో పట్టే లేదు అమ్మాయ్," అన్నారు అత్తగారు.

"అవునండీ," అంది కోడలు.

పెళ్ళై వచ్చిన రోజు నుంచీ ఇదే మాట, ఇదే జవాబు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య గొడవ జరగలేదని చుట్టాలు పొగుడుతారు. గొడవకి ఇద్దరు కావాలి. అత్తగారు ఎంత లాగినా ఆ కోడలు అటే వెళ్ళేది. అది తన మంచితనమని ఆమె అనుకునేది, కాస్త గర్వం కూడా ఉండేది.

"అత్తయ్యా, మీతో పనుంది," అంది దుప్పటి ఆవిడ చేతికి అందిస్తూ. "స్టోర్‌వాళ్ళు ఆట చూడటానికి మళ్ళీ వస్తారు. ఎప్పుడొస్తారో తెలియదు. వచ్చినప్పుడు అవతల ఎవరో ఒకరు ఉండాలి."

"డ్యూటీలా?"

"డ్యూటీలే."

అత్తగారి నడుం నిటారైంది. హాస్టల్ వదిలాక ఆవిడకి డ్యూటీలు వేసే అవకాశం దొరకలేదు. చీకటి పడేలోపు ఎవరు ఎప్పుడు ఫోన్ పట్టుకోవాలో తేల్చి పారేశారు. పొద్దున ఆవిడే. తర్వాత పెద్దకొడుకు, అంటే కోడలి భర్త. అతనికి కళ్ళద్దాల షాపుంది, మధ్యాహ్నం దాకా బేరాలుండవు. ఆపైన మేడమీద అద్దెకున్న పళ్ళ డాక్టరు. మిగిలినదంతా కోడలు. పళ్ళ డాక్టరు నవ్వి, "అద్దె తగ్గిస్తారా వార్డెన్‌గారూ?" అంది. "నీళ్ళ మోటారు టైముకి వేస్తాను," అన్నారు ఆవిడ. బేరం కుదిరింది.

మర్నాడు ఆటని మళ్ళీ పంపారు. స్టోర్‌వాళ్ళు లోపలికి రావడానికి ఒక అకౌంటు తయారుచేసి ఇవ్వాలి. దానికేం పేరు పెట్టాలని తొందర అడిగితే కోడలు ఆలోచించకుండా, "అతిథి అని పెట్టు," అంది. పెట్టాడు. పప్పులో కాలు వేశామని ఇద్దరికీ అప్పుడు తెలియలేదు.

*

అతిథి శనివారం పొద్దున వచ్చాడు.

సర్వరు తెర మీద కొత్త చుక్క వెలగగానే తొందర కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, వచ్చాడు! నీకే తగిలాడు!"

అత్తగారు వరండాలో ఉన్నారు. ఫోన్‌లో అవతలి కొసన అతిథి అన్న పేరు చూశారు. కళ్ళజోడు సర్దుకున్నారు. బొటనవేళ్ళు రెండూ కొంగుతో తుడుచుకున్నారు. కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరో గుమ్మంలోకి వచ్చినట్టు సర్దుకుని కూర్చున్నారు. కోడలు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆవిడ వేళ్ళు తెర మీద ఎంత మెత్తగా కదిలాయంటే, ఆ చేతులు అంత నెమ్మదిగా ఉండగలవని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. దుప్పటి ముడత లేకుండా మడతపడి అరలోకి వెళ్ళింది.

"ఎలా ఉన్నాడు?" అంది కోడలు.

"మంచివాడే. నెమ్మదిగా మడిచాడు."

తర్వాత అతిథి కళ్ళద్దాల షాపుకి తగిలాడు. పెద్దకొడుకు ఒక ముసలాయన ముక్కు మీద పరీక్ష అద్దాలు అలాగే వదిలేసి వచ్చి మడిచాడట. ఆ ముసలాయన కింది వరస అక్షరాలు చదువుతూ కూర్చున్నాడట, వినేవాళ్ళు లేకపోయినా. ఆ తర్వాత పళ్ళ డాక్టరుకి తగిలాడు. ఆవిడ పేషెంటుని నోరు తెరిచే ఉంచమని చెప్పి మడిచింది. ఆఖర్న కోడలికి. ఆమె కూడా జాగ్రత్తగా, అతను ఎటు కదిలితే అటు కదిలింది. నాలుగు దుప్పట్లు, ఒక్క ముడత లేదు. చుక్క ఆరిపోయింది.

"సెహభాష్!" అన్నాడు తొందర. ఆ మధ్యాహ్నం బల్ల మీద ఫోన్లన్నీ ఒక మూలకి తోసి అందరూ అక్కడే భోంచేశారు. షాపు మూసి వచ్చిన పెద్దకొడుకు, "నేను చాలా మర్యాదగా చూసుకున్నాను," అన్నాడు. కూర వడ్డిస్తూ అత్తగారు, "మనింటికొచ్చినవాణ్ణి ఇంకెలా చూస్తాం?" అన్నారు. అందరూ నవ్వారు. కోడలు అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఆదివారం పొద్దున ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"మీ ఆటని నలుగురు ఆటగాళ్ళతో పరీక్షించాం. నలుగురూ మేం చేసిన కదలికనే తిరిగి చేస్తున్నారు. ఎక్కడా ప్రతిఘటన లేదు. ఇవి మనుషులు కావని, ప్రోగ్రాములని భావిస్తున్నాం. అవతలి కొసన ఎప్పుడూ ఒక మనిషే ఉంటారన్న మీ వివరణ వాడేవారిని తప్పుదోవ పట్టిస్తుంది."

తొందర ముందు నవ్వాడు. నవ్వు ఆగాక తల పట్టుకున్నాడు. "ఒక్కళ్ళు కూడా లాగలేదా? నలుగురిలో ఒక్కళ్ళు?"

అన్నకి ఫోన్ చేశాడు. "కొత్తవాణ్ణి పట్టుకుని ఎలా లాగుతాంరా?" అన్నాడు అన్న. మేడ మీదికి వెళ్ళి పళ్ళ డాక్టర్ని అడిగి వచ్చాడు. "పాపం అతను అలవాటు లేక జారవిడుస్తాడేమోనని ఆవిడ ఇంకా వదులుగా పట్టుకుందట," అన్నాడు. "మరి నువ్వు వదినా?"

"నేనూ లాగలేదు."

"ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరూ ఒకటే చేశారు. అతి వినయం ధూర్త లక్షణం అని ఊరికే అన్నారా." కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. "విను వదినా. బాట్‌లుండటం తప్పని వాళ్ళనలేదు. ఉండి లేవనడం తప్పన్నారు. వివరణలో ఆ మొదటి వాక్యం ఒక్కటీ కొట్టెయ్. మరుక్షణం పాసైపోతుంది. నేను కొత్తగా రాయాల్సింది కూడా ఏమీ లేదు."

నిజమే. ఒక్క వాక్యం. ఆమె వివరణ తెరిచింది. మొదటి వాక్యం చివర గీత మినుకుమినుకుమంటోంది. వెనక్కి చెరిపే బటన్ మీద వేలు పెట్టింది. ఇన్నాళ్ళ పని, ఇతని సెలవు, భర్త ఒళ్ళో పెట్టుకు తిన్న కంచాలు, అన్నీ ఆ వేలి కింద ఉన్నాయి. వాక్యం పోయినా దుప్పటి దుప్పటే కదా అనిపించింది. మనుషులు వచ్చి ఆడతారు, కొందరికి మనుషులు తగులుతారు, కొందరికి తగలరు. తెలిసేదెవరికి?

తెలిసేది ఎవరికో ఆమెకి తెలుసు. వేలు తీసి లేచింది.

*

అత్తగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఫోన్ చేతిలో లేదు. సొరుగు మూసి ఉంది.

"నన్ను మిషన్ అన్నాడటగా," అన్నారు.

"మిమ్మల్ని ఒక్కరినే కాదు అత్తయ్యా. నలుగురినీ."

"నలుగురి సంగతి నాకెందుకు? నన్నన్నాడు." ఆవిడ గొంతులో కోపం కంటే చిన్నబోవడం ఎక్కువుంది. "ఆ పేకాట మిషన్ని మనిషనుకుని నా కష్టం చెప్పుకున్నాను. ఇప్పుడు మనిషిగా కూర్చుని మడిస్తే మిషన్ననిపించుకున్నాను. బాగుంది నా బతుకు."

కోడలు పక్కన కూర్చుంది.

"నువ్వే కదా అతిథన్నావు," అన్నారు అత్తగారు. "అతిథిని లాగుతామా? ఏమనుకుంటాడో అని భయపడుతూ మడిచాను. ఆ భయంలో మనిషి కనబడలేదు కాబోలు వాడికి."

"రేపు ఇంకోసారి పిలుస్తాను. భయపడకండి. నాతో మడిచినట్టే మడవండి."

అత్తగారు ఆమె వైపు తిరిగి చూశారు. "నీతోనా? నీతో మడిస్తే గాలికి వేలాడే తాడుతో మడిచినట్టుంటుంది. ఎన్నిసార్లు లాగానో, ఒక్కసారి లాగావా? కావాలంటే తొందరగాడితో మడిచినట్టు మడుస్తాను. వాడైతే మీదపడి కొడతాడు."

ఎగతాళిగానే అన్నారు. అనేసి లేచి, సొరుగు తెరిచి ఫోన్ తీసుకున్నారు. కోడలు మాత్రం మంచం మీద అలాగే ఉండిపోయింది. మేం చేసిన కదలికనే తిరిగి చేస్తున్నారు, ఎక్కడా ప్రతిఘటన లేదు. ఆ ఎర్ర అక్షరాలు ఇప్పుడు ఆమెకి వేరేగా వినబడ్డాయి.

బల్ల దగ్గరికి వచ్చి వివరణ మూసేసింది. జవాబు రాసే చోటు తెరిచింది. స్టోర్‌వాళ్ళకి రాసే జవాబులకి ఒక భాష ఉంటుంది. ధన్యవాదాలతో మొదలై ధన్యవాదాలతో ముగుస్తుంది, మధ్యలో వెన్నెముక ఉండదు. ఆ భాషలో రాయబోయి చెరిపేసింది.

"మీతో మడిచిన నలుగురూ మనుషులే," అని రాసింది. "మొదటావిడ మా అత్తగారు. రెండోవారు నా భర్త. మూడోవారు మా మేడమీదుండే డాక్టరు. నాలుగోది నేను. మీ అకౌంటుకి అతిథి అని పేరు పెట్టడం నా తప్పు. అతిథిని లాగకూడదని నలుగురం ఎవరికి వారమే అనుకున్నాం. పేరు మార్చాను. వాక్యం మార్చను. రేపు పొద్దున ఇంకోసారి రండి. కొస గట్టిగా పట్టుకోండి."

తొందర ఆమె భుజం మీంచి చదివాడు. "పరీక్ష పెట్టేవాణ్ణే బెదిరిస్తున్నావు వదినా."

"చెప్తున్నాను. బెదిరించడం రేపు మీ అమ్మ చూసుకుంటారు."

అతిథి అన్న పేరు తీసేసి కొత్త పేరేం పెట్టాలని అతను అడిగాడు. ఆమె లోపలికి తొంగి చూసి అత్తగారిని అడిగింది.

"ఆలస్యం అని పెట్టు," అన్నారు అత్తగారు. "హాస్టల్లో గేటు వేశాక వచ్చే పిల్లలందరికీ నేనదే పేరు పెట్టేదాన్ని."

*

సోమవారం తొందర సంచి గుమ్మం పక్కన సర్ది ఉంది. మధ్యాహ్నం బండికి వెళ్ళాలి. బాట్‌ల ప్రోగ్రాము రాసి ఒక పక్కన ఉంచాడు. ఒప్పందం ఒప్పందమే. దాని గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

కాఫీలయ్యాక చుక్క వెలిగింది.

"వచ్చాడమ్మా."

"వస్తే రానీ," అన్నారు అత్తగారు. ఈసారి కొంగు సర్దుకోలేదు. వరండా మెట్టు మీద కాళ్ళు బారచాపుకుని ఫోన్ రెండు చేతుల్లో బిగించి పట్టుకున్నారు. కోడలు వెనక నిలబడింది.

అవతలి కొస నెమ్మదిగా పైకి లేచింది. అత్తగారు దులిపారు, ఆ ఊపులోనే గుంజారు. అవతల రెండు మూలలూ జారి దుప్పటి నేలపాలైంది.

"పట్టుకోవయ్యా," అన్నారు ఆవిడ ఫోన్‌తో. "చెప్పింది కదా అమ్మాయి, గట్టిగా పట్టుకోమని."

అవతల కాసేపు ఏమీ కదలలేదు. తొందర గోరు కొరుక్కున్నాడు. వెళ్ళిపోయాడేమోనని కోడలికి భయం వేసింది. అప్పుడు ఒక మూల లేచింది, రెండో మూల లేచింది. దుప్పటి బిగుసుకుంది. ఆవిడ కొంచెం లాగారు. అటూ కొంచెం లాగాడు. ఆవిడ సగానికి మడవబోతుండగా ఉన్నట్టుండి అటునుంచి ఒక్క గుంజు. ఫోన్ అదిరి ఆవిడ బొటనవేలు జారింది, కళ్ళజోడు ముక్కు చివరికి వచ్చింది.

"మనిషే," అన్నారు అత్తగారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అనుమానం లేదు, మనిషే. వీడికి కోపమొచ్చింది."

ఒక దుప్పటి అయిపోయాక ఇంకొకరితో ఆడతారా, ఇదే మనిషితో ఆడతారా అని ఆట అడుగుతుంది. ఇదే మనిషితో అని అటునుంచి వచ్చింది. మళ్ళీ అదే వచ్చింది. షాపులోంచి పెద్దకొడుకు ఫోన్ చేసి, ఇవాళ గట్టిగా లాగుదామని కూర్చుంటే నాకెవరూ తగలడం లేదేమిటని అడిగాడు. పళ్ళ డాక్టరు క్లినిక్కుకి వెళ్తూ మెట్ల మీద ఆగి చూసింది. అత్తగారు అవతలివాణ్ణి ఆపకుండా తిడుతున్నారు. అంచులు కలపడం రాదన్నారు, మా హాస్టల్ పిల్లలు నీకంటే నయమన్నారు, అదీ అలా మడవాలి అన్నారు. అవతలివాడికి ఒక్క మాటా వినబడదు. అయినా పోను పోను వాడి అంచులు తిన్నగా వచ్చాయి. ఆఖరి దుప్పటిని ఇద్దరూ లాక్కుంటూ లాక్కుంటూ మడిచారు. ఒక ముడత మిగిలింది. ఆవిడ దాన్ని అలాగే ఉండనిచ్చారు.

చుక్క ఆరింది. అత్తగారు బొటనవేళ్ళు నొక్కుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

తొందర సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బండి టైమవుతోంది. ఎన్నిసార్లు చూసినా పరిశీలనలో ఉంది, పరిశీలనలో ఉంది అనే ఉంది. ఎంతైనా తొందర కదా, ఒక కాలు గుమ్మం అవతల పెట్టాడు, మళ్ళీ ఇవతలికి తీశాడు. ఆటో అతను హారన్ కొట్టాడు.

"వెళ్ళు. బండి పోతుంది," అంది కోడలు. "వస్తే చెప్తాను."

"రాకపోతే?"

"వస్తుంది."

అతను మెట్లు దిగుతుండగా లాప్‌టాప్ మోగింది. ఆమె చదివి తల ఎత్తేసరికి అతను సంచితో సహా వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆకుపచ్చ అక్షరాలు. మీ ఆట ఆమోదించబడింది, ఇప్పుడు స్టోర్‌లో అందుబాటులో ఉంది. అంతే, రెండు ముక్కలు. మొన్న మడిచినవాళ్ళ గురించి గానీ ఇవాళ తిన్న తిట్ల గురించి గానీ ఏమీ లేదు. వివరణలో మొదటి వాక్యం చెక్కుచెదరలేదు.

"నా బాట్‌లకి ఉద్యోగం పోయింది," అన్నాడు తొందర. వదిన చెయ్యి పట్టుకుని ఊపేసి, లోపలికి వెళ్ళి తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆవిడ వీపు మీద ఒక్కటి చరిస్తే తిని, ఆటో ఎక్కేశాడు.

*

ఎండ తగ్గాక అత్తాకోడళ్ళు డాబా ఎక్కారు. తీగల మీద తొందర పడుకున్న దుప్పట్లు ఆరి ఉన్నాయి. గాలి బాగానే వీస్తోంది.

"ఇప్పుడు ఎవరెవరో వస్తారా దాంట్లోకి?" అన్నారు అత్తగారు.

"వస్తారు. మధ్యాహ్నం నుంచే వస్తున్నారు. ఎవరో తండ్రీ కూతురనుకుంటాను, రెండూళ్ళ నుంచి, ఆపకుండా మడుస్తున్నారు."

"మంచిది." ఆవిడ దుప్పటి దించి అంచు విసిరారు. "పట్టుకో."

కోడలు పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి నడిచారు. ఆవిడ దులిపారు. ఆ ఊపు ఎక్కడ ముగుస్తుందో, గుంజు ఎక్కడ మొదలవుతుందో కోడలికి ఇన్నేళ్ళుగా తెలుసు. సరిగ్గా అక్కడ చెయ్యి వదులు చేయడమే ఆమెకి అలవాటు. చేతులు అలవాటు కొద్దీ వదులయ్యాయి కూడా. ఆమె వాటిని బిగించింది. మడమలు నేలకి తన్నిపెట్టి, బలమంతా కూడదీసుకుని తన వైపు లాగింది.

అత్తగారి చేతిలోంచి రెండు మూలలూ జారిపోయాయి. దుప్పటి మొత్తం వచ్చి కోడలి మీద పడింది. ఆమె మొహం మీంచి బట్ట తీసుకుంది.

అత్తగారు ఖాళీ చేతులు చూసుకున్నారు. తర్వాత కోడల్ని చూశారు, గేటు వేశాక వచ్చిన పిల్లని చూసినట్టు, పైనుంచి కిందికి.

"ఇన్నాళ్ళకి వచ్చావా," అన్నారు.

ఆవిడ నడిచి వచ్చి తన అంచు తాను తీసుకున్నారు, వెనక్కి వెళ్ళారు, ఈసారి చీర కుచ్చిళ్ళు ఎగదోపి కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డారు. దుప్పటి ఇద్దరి మధ్యా బిగుసుకుంది.